అరచేతి దురద

పీరాంబీకి ఇక మిగిలింది ఏడు గంటలు.

నిన్న సాయంత్రం ఆరింటికి ఆమెను స్టేషనుకు తెచ్చారు. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నిలబెడితే రిమాండు. ఆ తర్వాత బెయిలు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. రోడ్డుపక్క టీకొట్టు నడుపుకునే ఆడమనిషి కోసం పరుగులు పెట్టే వకీలు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. అందుకే ఆమె కూతురు నాజియా తెల్లవారకముందే బత్తలపల్లెలో బస్సెక్కి అనంతపురం వచ్చి అరుణజ్యోతి తలుపు కొట్టింది.

అరుణజ్యోతి డిటెక్టివ్. ఆఫీసు అంటే జెరాక్సు షాపు పైన ఒక గది, ఒక ఫ్యాను. అంతకుముందు పదకొండేళ్ళు ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేసింది. పరీక్ష చేయకుండానే ఫలితం రాసేవాళ్ళను పట్టిస్తే వాళ్ళు ఉన్నారు, ఈమె ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి ఎవరు ఏది చెప్పినా ముందు నమ్మకపోవడం ఆమెకు అలవాటు.

పదకొండింటికి ఆమె స్టేషన్లో పీరాంబీ ఎదురుగా కూర్చుంది. సీఐ శశికుమార్ పది నిమిషాలు ఇచ్చాడు. ఇచ్చి, బయటికి పోకుండా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

చచ్చిపోయింది హనుమంతరాయుడు. ఊరి పాలకేంద్రం సెక్రెటరీ, యాభై రెండేళ్ళ మనిషి, మందలో నలభై గొర్రెలు. నిన్న మధ్యాహ్నం పీరాంబీ కొట్టులో టీ తాగాడు, వాంతి చేసుకున్నాడు, ఊపిరాడక పడిపోయాడు. కొట్టు వెనక పురుగుల మందు సీసా దొరికింది, ఈ చుట్టుపక్కల ఏ చేనుగట్టు మీదైనా దొరికేదే. వారం కిందట పీరాంబీ బర్రెపాలలో నీళ్ళున్నాయని ఆయన అందరి ముందూ క్యాను తిప్పి పంపాడు. సీఐకి ఇంతకన్నా ఏం కావాలి? ఈ మెట్టసీమలో మనిషి వాంతి చేసుకుని చస్తే పోలీసు బుర్రకు తట్టేది ఒకటే. పురుగుల మందు.

"ఆయన ఎన్నింటికి వచ్చినాడక్కా?"

"కదిరి బస్సు పోయినంక. పదకొండు ఇరవై అయ్యింటుంది."

"కొట్లాడినోడు నీ కొట్టుకే వచ్చినాడా?"

"రాకుండా యాడికి పోతాడమ్మా? ఆ రోడ్డులో ఇంకో టీకొట్టు యాడుండాది?" అంది పీరాంబీ. "నల్ల టీ పోసినా. ఎప్పుడూ అదే. ఊరి పాలన్నీ కొలిచేటోడు చుక్క పాలు ముట్టడు. నరసింహస్వామికి మొక్కుకున్నాడంట. పాలు, నెయ్యి, మాంసం, ఏడాదిన్నరగా అన్నీ బందు."

"టీ తాగకముందు ఏం చేసినాడు? తాగకముందు."

పీరాంబీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. చెప్పడానికి సిగ్గుపడింది.

"అరచెయ్యి గోక్కుంటాండాడు. కుడిది. నేను ఎకసెక్కానికి, ఏమప్పా సెక్రెటరీ, దుడ్లు వచ్చేటట్లుండాయే అన్నా. ఆయన కూడా నవ్వినాడు. అంతలోకే రెండో చెయ్యి కూడా గోక్కున్నాడు. చెప్పులు ఇడిచి అరికాళ్ళు బండకేసి రుద్దినాడు. నేను నవ్వతానే ఉండా. చచ్చిపోయేటోణ్ణి చూసి నవ్వినానమ్మా."

అప్పటికి టీ గ్లాసు ఆయన చేతికి ఇంకా రాలేదు. అరుణజ్యోతి ఆ మాట మళ్ళీ అడిగింది. పీరాంబీ మళ్ళీ అదే చెప్పింది. దురద మొదట, టీ తర్వాత. పదకొండు ముప్పై అయిదుకు మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు. పెదవులు ఉబ్బాయి. వాంతి. పన్నెండుకు పది ఉందనగా పడిపోయాడు. ఆటోలో దారిలోనే ప్రాణం పోయింది.

"అయిపోయిందా?" అన్నాడు శశికుమార్.

అతను ఎడమకాలు పక్క కుర్చీ మీద పెట్టుకుని, సాక్సు కిందికి లాగి పిక్క గీరుకుంటున్నాడు. అక్కడ మాడిన బెల్లంలాంటి రెండు పొక్కులు. అరుణజ్యోతి చూపు చూసి తనే చెప్పాడు. తనకల్లు దగ్గర సొంత గొర్రెలున్నాయట, ఎనభై. ఆదివారాలు దొడ్డిలోనే మంచం వేసుకుంటాడట. గొర్రెల ఒంటికి పట్టి నెత్తురు తాగే పిడుదులు కరిచి రెండు నెలలైనా దురద పోలేదట. ఈలోగా కానిస్టేబులు వచ్చి మటన్ బిర్యానీ చెప్పమంటారా అని అడిగాడు. శశికుమార్ వద్దన్నాడు. ఈ మధ్య రాత్రి మాంసం తింటే తెల్లవారుజామున కడుపులో దేవి ఒళ్ళంతా మంటగా ఉంటోందట. గ్యాసట.

అరుణజ్యోతి విన్నది. పట్టించుకోలేదు. అది ఆమె చేసిన తప్పు.

"సీఐ గారూ, పురుగుల మందు తాగినోడి కంటిపాప ఆవగింజంత అవుతుంది. చెమటతో ఒళ్ళు తడిసిపోతుంది. ఆయనకు రెండూ లేవు. మార్చురీలో చూసినోళ్ళు చెప్పినారు."

"ఎవరు? ఆ ల్యాబులో జాయ్ అనే ఆమేనా? మీ పాత స్నేహితురాలు."

"రక్తంలో పురుగుమందు జాడ లేదని కూడా చెప్పింది. గొంతు లోపల వాచి మూసుకుపోయింది. అది విషం పని కాదు. ఒంటికి పడనిది లోపలికి పోతే, ఒళ్ళే తన మీద తాను తిరగబడిన పని."

"ఒళ్ళు తిరగబడిందని చార్జిషీటులో రాయమంటారా?" శశికుమార్ లేచాడు. "నా దగ్గర సీసా ఉండాది, తగాదా ఉండాది, టీ ఉండాది. మీ దగ్గర దురద ఉండాది. అయిదుంబావుకి జీపు బయలుదేరతాది. అంతలోకి గోక్కోండి."

*

చావింట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు అన్నం తెచ్చి పెడతారు. అదే అరుణజ్యోతికి కలిసొచ్చింది.

పన్నెండింటికి ఆమె హనుమంతరాయుడి ఇల్లు చేరేసరికి పొద్దున్నే శవాన్ని పూడ్చి వచ్చిన మనుషులు పంచలో కూర్చుని ఉన్నారు. నిన్న కబురు రాగానే భార్య రామాంజినమ్మ ఎక్కడి గిన్నెలు అక్కడే వదిలి పరిగెత్తింది. తిరిగి ఎవరూ వంటింట్లో అడుగుపెట్టలేదు. నిన్న పొద్దున హనుమంతరాయుడు తాగిన రాగి అంబలి కుండ ఇంకా పొయ్యి పక్కనే ఉంది, మూత పెట్టి.

రామాంజినమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అరుణజ్యోతి ఓదార్పు మాటలు చెప్పలేదు. ఆయన నిన్న ఏం తిన్నాడో గంట గంటకూ చెప్పమంది. ఆరూ నలభై అయిదుకు అంబలి. ఏడుకు పాలకేంద్రం. తర్వాత కొట్టు దాకా పచ్చి నీళ్ళు తప్ప ఏమీ లేదు. అంబలిలో ఏమేమి వేశావంటే రాగిపిండి, ఉప్పు, ఉల్లిగడ్డ అంది. మజ్జిగ? మొక్కు ఉంది కాబట్టి మజ్జిగ పొయ్యదట.

అరుణజ్యోతి కుండ మూత తీసింది. గరిటెతో అడుగు కెలికింది. నల్లటి జావలో తెల్లటి తరకలు పైకి తేలాయి, మెత్తగా, ముక్కలు ముక్కలుగా. వేలితో నలిపి వాసన చూసింది.

"రామాంజినమ్మా, రాగులు తరకలు కట్టవు. వేడి తగిలితే గడ్డకట్టేది జున్నుపాలు. ఇందులో ఏం కలిపినావు?"

రామాంజినమ్మ ముఖం తిప్పుకుంది. ఏమీ కలపలేదంది. కానీ ఆ తిప్పుకోవడంలో ఆమె చూపు ఒక్క క్షణం మూలన ఉన్న బియ్యం డ్రమ్ము మీదికి పోయింది. అరుణజ్యోతి డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. బియ్యం అడుగున డబ్బా తగిలింది. పచ్చటి మూత, దూడ బొమ్మ. 'జున్నుబలం. రోగాలను తట్టుకునే శక్తికి స్వచ్ఛమైన ఆవు జున్నుపాల పొడి.' సగం ఖాళీ.

ఈ పొడి సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. రెండేళ్ళ కిందట ఫ్యాక్టరీ వచ్చింది. ఆవు ఈనగానే మొదటి మూడు రోజుల పాలు తీసుకుపోతారు. దూడ పుట్టినప్పుడు దాని నెత్తురులో రక్షణ అనేది ఉండదు. తల్లి మొదటిపాలలో ఉండే మాంసకృత్తులే దానికి కవచం. ఆ మాంసకృత్తుల ఒంటి నిండా కొమ్మలు కొమ్మలుగా చక్కెరలు అంటుకుని ఉంటాయి. క్రిములు దూడ పేగుకు అంటుకోబోయి ఆ చక్కెరలకు అంటుకుని బయటికి పోతాయి. ఆ పాలు దూడ నోట్లోంచి లాగి, పొడి చేసి, పట్నంలో బలిసినవాళ్ళకు అమ్ముతున్నారు. ఈ ఏడాది ఊళ్ళో పుట్టిన దూడల్లో పంతొమ్మిది చచ్చాయి. ఇంతవరకు ఒక్క అధికారి వచ్చి ఎందుకని అడగలేదు. అడిగింది హనుమంతరాయుడు ఒక్కడే. జున్నుపాలు ఫ్యాక్టరీకి పొయ్యకూడదని తీర్మానం చేయడానికి పద్నాలుగు ఊళ్ళ పాలకేంద్రాలను రేపటికి పిలిచాడు. రేపు రాకముందే చచ్చాడు.

"ఏం దొరికింది డిటెక్టివ్ మేడానికి?"

శశికుమార్ గడపలో నిలబడి ఉన్నాడు. తన కేసులో ఇంకెవరో వేలు పెడుతుంటే స్టేషన్లో కూర్చోలేకపోయాడు. డబ్బా చూసి పగలబడి నవ్వాడు. మా చెల్లెలి పిల్లలకు రోజూ ఇదే పోస్తారు, వాళ్ళు ఎద్దుల్లా ఉన్నారు, దీంతో మనిషి చచ్చాడంటే కోర్టులో జడ్జి కూడా నవ్వుతాడన్నాడు.

"డబ్బాను సీలు చేయండి. పరీక్షకు పంపండి," అంది అరుణజ్యోతి.

"పరీక్ష ఇప్పుడే చేస్తా."

ఆమె అడ్డం పడేలోపు అతను మూత తీసి, పొడి అరచేతిలోకి వంచుకున్నాడు. గుప్పెడు నిండా. నోట్లో పోసుకుని, చెంబులో నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. అరుణజ్యోతి గడియారం చూసింది. పన్నెండు ఇరవై.

అరగంట అతను పంచలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఏమీ కాలేదు. ఆ అరగంటా అతను అనని మాట లేదు. ల్యాబులో సీసాలు కడిగినోళ్ళు డిటెక్టివులైతే ఇట్లే ఉంటుందన్నాడు. వెళ్తూ డబ్బా ఆమె ఒళ్ళోకి విసిరాడు.

"మీకే కానుక. పాలల్లో కలుపుకోని తాగండి, బుద్ధి పెరుగుతాది."

*

జీపు శబ్దం దూరమయ్యాక అరుణజ్యోతి ఇల్లంతా వెతికింది. ఒక మాట ఆమెను పొడుస్తోంది. మొక్కు. మొక్కుకున్న మనిషి ఎందుకు మొక్కుకున్నాడో భార్యకైనా చెప్తాడు. రామాంజినమ్మకు చెప్పలేదు. అడగలేదు కూడా. ఒకరి మొక్కు గురించి ఇంకొకరు అడగరు ఇక్కడ. అంతకన్నా మంచి దాపు ఏముంటుంది?

గోడ మీద నరసింహస్వామి పటం. వెనక్కి తిప్పింది. అట్టకూ అద్దానికీ మధ్య నాలుగు మడతల కాగితం. బెంగళూరు డాక్టరు చీటీ, ఏడాదిన్నర కిందటిది. తినకూడనివి: గొర్రె, మేక, ఆవు, బర్రె మాంసం. పాలు. నెయ్యి. జున్ను. జున్ను కింద రెండు గీతలు. పైన ఒకే మాట: ఆల్ఫా-గాల్.

చీటీ మీది నంబరుకు ఫోను చేస్తే మూడోసారికి డాక్టరే ఎత్తాడు. మనిషి చచ్చాడని విని, ఏం తిన్నాడని అడిగాడు. తర్వాత విడమరిచి చెప్పాడు. ఆల్ఫా-గాల్ అనేది చక్కెర. తీపి చక్కెర కాదు. ఆవు, గొర్రె, బర్రె ఒంట్లో, వాటి పాలలోని మాంసకృత్తులకు అంటుకుని ఉండే చిన్న చక్కెర ముక్క. మనిషి ఒంట్లో అది లేదు. మామూలుగా తింటే ఏమీ కాదు. కానీ గొర్రెల పిడుదు కరిచినప్పుడు దాని లాలాజలంతో ఆ చక్కెర నెత్తురులోకి పోతుంది. కొంతమంది ఒళ్ళు అప్పుడు దాన్ని శత్రువని రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత మాంసంలోనో పాలలోనో అదే చక్కెర వస్తే యుద్ధమే. టీలో చుక్క పాలు కొందరు తట్టుకుంటారు. జున్నుపాలు అలా కాదు, ఆ మాంసకృత్తులే అందులో ముద్దలు ముద్దలుగా ఉంటాయి, పొడి అయితే మరీ చిక్కన.

"ఎంతసేపటికి వస్తుంది?" అని అడిగింది.

వెంటనే రాదన్నాడు. అదే దీని మోసం. అరిగి నెత్తురులో కలవాలి. మూడు నుంచి ఆరు గంటలు. మొదట అరచేతులు, అరికాళ్ళు దురద. కొందరికి ముందు కొన్నాళ్ళు, రాత్రి మాంసం తింటే తెల్లవారుజామున కడుపునొప్పి, ఒళ్ళు మంట. గ్యాసనుకుంటారు.

అరుణజ్యోతికి పొద్దున స్టేషన్లో విన్నది గుర్తొచ్చింది. పిడుదు కరిచిన పిక్క. వద్దన్న బిర్యానీ. గుప్పెడు పొడి. పన్నెండు ఇరవై.

డాక్టరు ఇంకొకటి కూడా చెప్పాడు. ఆ రోజు హనుమంతరాయుడి వెంట ఒకాయన వచ్చాడట. పశువులకు సూదులు వేస్తానన్నాడట. రోగి కన్నా ఎక్కువ ప్రశ్నలు అతనే అడిగాడట. ఎంత తింటే ప్రమాదం, ఎన్ని గంటలకు, ఏ ఇంజెక్షను వేస్తే బతుకుతారు.

ఆమె రామాంజినమ్మ ముందు కూర్చుంది. చీటీ ఒళ్ళో పెట్టి, మొక్కు లేదని చెప్పింది. పాలు పడని మనిషి పాలకేంద్రం నడుపుతున్నాడంటే ఊరు నవ్వుతుందని ఆయన రోగాన్ని దేవుడి మీద తోశాడని చెప్పింది. రామాంజినమ్మ కాగితం వైపు చూస్తూనే ఉంది. ఆమెకు చదువు రాదు.

"తెలీకుండా తింటే మొక్కు తప్పినట్టు కాదన్నాడక్కా," అంది చివరికి. "మనిషి చిక్కిపోతాండాడు, పాలు లేక బలం లేదు, ఈ పొడి ఆయప్పకు చెప్పకుండా అంబలిలో కలుపు, పాపం నీకు రాదు ఆయనకూ రాదు అన్నాడు. నాలుగు గంటెలు వేసినా. రుచి తెలీకుండా ఉల్లిగడ్డ ఎక్కువ కోసినా. నా చేత్తోనే పోసినా."

"ఎవరన్నాడు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. పేరు చెప్తే మొగుణ్ణి చంపింది నువ్వేనని నిన్నే లోపల వేస్తారని చెప్పి ఉంటాడు వాడు. ఎంత గుచ్చినా పేరు రాలేదు. అరుణజ్యోతికి పేరు తెలుసు. ఆ ఊళ్ళో పశువులకు సూదులు వేసేది ఒక్కడే, పశువుల కాంపౌండరు జయరాముడు. ఏ ఆవు ఏ వారం ఈనుతుందో ఫ్యాక్టరీకి చెప్పేదీ వాడేనని పంచలో కూర్చున్నవాళ్ళందరూ చెప్పారు. తెలియడం వేరు, రుజువు వేరు.

*

శశికుమార్ ఆమె ఫోను ఆరుసార్లు కట్ చేశాడు. ఏడోసారి ఎత్తి, ఒకటిన్నరైంది, రాయిలా ఉన్నా అన్నాడు. బత్తలపల్లెలో మూడు మందుల షాపులు తిరిగితే, దీనికి వెయ్యాల్సిన ఇంజెక్షను అడ్రినలిన్ ఎక్కడా లేదు. జాయ్ ఇంజెక్షన్లు తీసుకుని అనంతపురం నుంచి స్కూటరు మీద బయలుదేరతానంది, కానీ డ్యూటీ దిగేసరికి నాలుగున్నర. మూడింటికి అరుణజ్యోతి స్టేషనుకు పోయి సీఐ ఎదురుగానే చెప్పింది. ఆసుపత్రికి పోయి కూర్చోండి, ఆరింటి దాకా. ఏమీ కాకపోతే నన్ను ఊరంతా తిప్పి కొట్టండి.

"నన్ను ఆసుపత్రిలో పండబెడితే ఆమెను కోర్టుకు తీస్కపోయేదెవరు? మంచి ఎత్తే వేసినారు."

ఆమె స్టేషను ఆవరణలో బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో డబ్బా. కన్ను గడియారం మీద. ఒక మనిషి ప్రాణం మీదికి రావాలని ఎదురు చూస్తున్నానా, రాకూడదని ఎదురు చూస్తున్నానా అని తనను తానే అడిగింది. వస్తే పీరాంబీ బయటపడుతుంది. రాకపోతే లోపలికి పోతుంది.

నాలుగూ నలభై. పీరాంబీని తెచ్చి జీపులో వెనక కూర్చోబెట్టారు. శశికుమార్ రిమాండు కాగితాలు పట్టుకుని మెట్లు దిగాడు.

నాలుగూ నలభై ఎనిమిదికి కాగితాలు కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. కుడి అరచెయ్యి ప్యాంటుకు రుద్దుకున్నాడు.

జీపులో నుంచి పీరాంబీ చూసింది. నిన్నటిలా నవ్వలేదు. "సార్," అంది మెల్లగా, "అది దుడ్లొచ్చే దురద కాదు సార్."

శశికుమార్ తన చేతిని తను చూసుకున్నాడు. ఎర్రగా కందిపోయింది. రెండో చెయ్యి. బూటు లోపల కాలివేళ్ళు కదిలాయి. మెడ మీద దద్దుర్లు పాకుతూ చెవుల దాకా పోయాయి. ఏదో తిట్టబోయాడు. గొంతులో నుంచి ఈల శబ్దం వచ్చింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అరుణజ్యోతి అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు బెంచీ మీదికి ఎత్తించింది. నూట ఎనిమిదికి ఫోను చేస్తే అంబులెన్సు రావడానికి ఇరవై అయిదు నిమిషాలన్నారు. ఇరవై అయిదు నిమిషాల్లో హనుమంతరాయుడు చచ్చాడు. కానిస్టేబుళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

అప్పుడే గేటులోకి మోటారు సైకిలు వచ్చింది. చల్లగా దిగాడు మనిషి. చేతిలో తోలు సంచి.

"సీఐ సారుకు బాగలేదంట గదా," అన్నాడు జయరాముడు. "నా దగ్గర అడ్రినలిన్ ఉండాది. గొడ్లకు వాడేదే, మనుషులకైనా అదే మందు."

సిరంజి అప్పటికే నింపి ఉంది.

అరుణజ్యోతి దాన్ని లాక్కుంది. ఖాళీ సీసా చూపించమంది. సీసా మీది చీటీ చదివింది, పేరు, తేదీ, మోతాదు. మందు అసలుదే. సిరంజిలో ఎక్కువైనది మట్టిలోకి చిమ్మి, మనిషికి సరిపడా ఉంచి, శశికుమార్ తొడలో ప్యాంటు మీది నుంచే పొడిచింది. నాలుగూ యాభై మూడు. ఊపిరి కొంచెం లోపలికి పోయింది. పెదవుల నీలం తగ్గింది.

అయిదు నిమిషాలకు మళ్ళీ ఈల మొదలైంది. ఒకటి చాలలేదు.

జయరాముడు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెవిలో చెప్పాడు, ప్రేమగా మాట్లాడుతున్నట్టు. "ఇంకొక సీసా ఉండాది. ఆ డబ్బా నాకియ్యి. రామాంజినమ్మ నోరు తెరవదు. డబ్బా లేకపోతే నీ దగ్గరేమీ లేదు. సీఐ బతుకుతాడు, నీ సాయిబు ఆడది జైలుకు పోతాది. ఏం కావల్లో సూసుకో."

ఆమె ఒక్క క్షణం కూడా చూసుకోలేదు. డబ్బా తీసి వాడి ఒళ్ళో పడేసి, రెండో సీసా వాడి వేళ్ళ మధ్య నుంచి పీక్కుంది. సూది ఎక్కిస్తూ అందరికీ వినపడేటట్టు మాట్లాడింది.

"డబ్బా తీస్కో జయరాముడూ. నాకు వద్దు. సాక్ష్యం డబ్బాలో లేదు, ఈయన నెత్తురులో ఉండాది. జాయ్ వచ్చి రక్తం తీస్తాది. నిన్న హనుమంతరాయుడి రక్తం కూడా తీసి దాచింది. రెండూ ఒకటే చెప్తాయి." సూది దింపింది. "ఇప్పుడు నువ్వు చెప్పు. సార్ పడిపోయింది నాలుగూ యాభైకి. ఫోను చేసింది నేను నూట ఎనిమిదికే. నీకెవరు చెప్పినారు?"

జయరాముడు రామాంజినమ్మ ఫోను చేసిందన్నాడు.

"ఎప్పుడు?"

"మధ్యాన్నం. సారు పొడి తిన్నాడని."

"మధ్యాన్నం ఆయన రాయిలా ఉన్నాడు. పిల్లలు కూడా తినే పొడి ఒక పోలీసాయన తిన్నాడంటే, సరిగ్గా నాలుగున్నర గంటలకు సూది నింపుకోని వచ్చినావు. ఆయన్ని పిడుదులు కరిచినాయని నీకెట్ల తెలుసు? ఆయన గొర్రెలకు పిడుదుల మందు కొట్టేది నువ్వేనా?"

హెడ్ కానిస్టేబులు నాగప్ప నోరు తెరిచాడు. తనకల్లు దొడ్డికి నెలనెలా పోయేది జయరాముడేనని అతనికి తెలుసు. స్టేషన్లో అందరికీ తెలుసు.

జయరాముడు లేచాడు. ఒక చేతిలో డబ్బా ఉందని అప్పుడు గమనించుకున్నాడు. కింద పడేయాలో పట్టుకోవాలో తెలియలేదు. పట్టుకునే మోటారు సైకిలు వైపు నడిచాడు, తర్వాత పరిగెత్తాడు. ఎక్కి కూర్చున్నాడు. చెయ్యి తాళం దగ్గరికి పోయింది. దిగేటప్పుడు దానికే వదిలిన తాళంచెవి లేదు.

కింద మట్టిలో పడి ఉన్న శశికుమార్ నోరు కదిపాడు. గొంతు గరగరమంది. "నాగప్పా," అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "ఆమెను... జీపు దించు."

నాగప్ప జీపు వైపు తిరిగాడు. జీపు వెనక ఎవరూ లేరు.

పీరాంబీ ఎప్పుడో దిగి మోటారు సైకిలు ముందు నిలబడి ఉంది. కొంగు సర్దుకుని, కుడిచెయ్యి జయరాముడి ముఖం ముందుకు చాపి, మెల్లగా గుప్పిట విప్పింది. అరచేతిలో తాళంచెవి.

"ఏమప్పా కాంపౌండరూ," అంది, "నా చెయ్యి దురద పెడతాంటే ఏమో వస్తాదనుకున్నా."